బేగంపేట పుష్పకాలు

పుష్పకం అనగానే తెలుగువారికి రామాయణం స్ఫురించడం సహజం. వృత్తిరీత్యా నాకూ అలాగే స్ఫురించాలి. ముప్ఫై ఏళ్లకు పైగా బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. కానీ నాకు ముందుగా బేగంపేట గుర్తుకు వస్తుంది. దానికి కారణం మనవి చేసి, ఆ పైన అసలు విషయంలోకి వస్తాను.

1960వ దశకం చివర మా కుటుంబం అమీర్‌పేటలో అద్దెకుండేది. ఈనాటి శిక్షణ కేంద్రాల బోర్డులూ, మెట్రో స్తంభాలూ చూసినవారికి ఆనాటి అమీర్‌పేటను వర్ణించి నమ్మించడం కష్టం. డాబా ఎక్కితే బేగంపేట వైపు ఆకాశం అడ్డు లేకుండా కనిపించేది. పెద్ద విమానాలు రోజుకు కొన్నే వచ్చేవి. వాటి మధ్య, ముఖ్యంగా ఉదయం పూట, చిన్న విమానమొకటి కుట్టుమిషను గబగబా తొక్కినట్టు చప్పుడు చేస్తూ చుట్లు తిరిగేది. దిగినట్టే దిగి మళ్లీ లేచేది. విమానం నేర్చుకునేవారి అభ్యాసమని తరువాత తెలిసింది. దాని పేరు పుష్పక్.

మా పక్కవాటాలో ఒక పెద్దాయన ఉండేవారు. పిల్లలందరం ఆయనను చాచా అని పిలిచేవాళ్లం. హ్యాంగరులో గుడ్డపని ఆయన వృత్తి. విమానానికీ గుడ్డకూ ఏమి సంబంధమని నేనడిగితే నవ్వి, తమ చొక్కా చేతిని రెండు వేళ్లతో పట్టి చూపించారు. ఇదే విమానం అన్నారు. నేను నమ్మలేదు. తరువాత చాలా కాలానికి చదివి తెలుసుకున్నాను, ఆయన చెప్పింది అక్షరసత్యం. పుష్పక్ ఒంటికి ఇనుపగొట్టాల చట్రం, దానిమీదా రెక్కలమీదా బిగించిన గుడ్డ. రెక్కలోని పక్కటెముకల వంటి బద్దలకు ఆ గుడ్డను మైనం పట్టించిన దారంతో కుట్టాలి. ప్రతి కుట్టుకూ విడిగా ముడి వేయాలి, ఒకటి తెగినా పక్కది ఊడకుండా. ఆ పైన డోపు అనే ద్రవం పూతలు పూతలుగా పూస్తే గుడ్డ ఆరి, కుంచించుకుని, డప్పు తోలులా బిగుస్తుంది. సాయంత్రం చాచా ఇంటికి వస్తే ఆయన బట్టల నుంచి మగ్గిన అరటిపండు వాసన వచ్చేది. అది ఆ డోపు వాసన.

ఇక చరిత్ర. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ సంస్థ బెంగుళూరులో తయారుచేసిన పుష్పక్ మొదటిసారి ఎగిరింది 1958 సెప్టెంబరులో. ఇద్దరు పక్కపక్కన కూర్చునే వీలుంది. వాల్మీకి పుష్పకంలో ఎందరెక్కినా ఇంకొకరికి చోటుంటుందని మన పెద్దలు చెబుతారు, ఇందులో మూడో మనిషికి చోటు లేదు! ఇంజను 90 అశ్వశక్తులది. రెక్కల వెడల్పు సుమారు 36 అడుగులు. అమెరికాలో సామాన్యుల కోసం తయారైన ఏరోంకా చీఫ్ అనే విమానానికి దీనితో దగ్గరి పోలిక ఉంది. మొత్తం 160 దాకా తయారయ్యాయి. వాటిలో చాలా భాగం దేశంలోని ఫ్లయింగ్ క్లబ్బులకు వెళ్లాయి. బేగంపేటలో 1930వ దశకంలో నిజాం రాజ్యంలో పుట్టిన ఏరోక్లబ్బు సంపన్నుల వినోదం. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో అక్కడే టైగర్ మాత్ విమానాలతో యుద్ధపైలట్లకు తొలిపాఠాలు చెప్పారు. అదీ కర్రా గుడ్డా విమానమే. పుష్పక్ వచ్చాక మాత్రమే మన దేశపు చేతిపని మన ఆకాశంలో మధ్యతరగతి పిల్లలకు పాఠం చెప్పడం మొదలైంది. (మధ్యతరగతి అన్నానే గాని, ఆ రుసుము మా నాన్నగారి జీతానికి అందేది కాదు.)

ఇప్పుడు నా తప్పు సంగతి చెప్పాలి. ఇది చెప్పడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను.

1986లో నేను ఒక ఉన్నత పాఠశాలలో తొమ్మిదవ తరగతికి తెలుగు చెబుతున్నాను. పుష్పక విమాన ప్రసక్తి వచ్చింది. అప్పటికి కొద్దిరోజుల ముందు ఒక మిత్రుడు నాకు వైమానిక శాస్త్రం అనే గ్రంథం చదవడానికిచ్చాడు. భరద్వాజ మహర్షి రచనగా చెప్పే గ్రంథం. అందులో శకున, సుందర, రుక్మ, త్రిపుర విమానాల పటాలున్నాయి. నేను ఉత్సాహంతో రుక్మ విమానం బొమ్మను నల్లబల్ల మీద వేశాను. పాశ్చాత్యులకంటె వేల ఏళ్ల ముందే మనవారికి ఈ విద్య తెలుసునని గంటసేపు చెప్పాను. పిల్లలు చప్పట్లు కొట్టారు.

వారం తరువాత వెనుక బెంచీ కుర్రవాడొకడు సినిమా పోస్టరు అట్టతో, చీపురుపుల్లలతో ఆ విమానం నమూనా చేసి తెచ్చాడు. నల్లబల్ల మీది బొమ్మను చూసి కొలతలు వేసుకున్నాడట. కప్పు మీదనుంచి వదిలితే రాయిలా పడిందని చెప్పి, చాలా వినయంగా, “బొమ్మ తప్పా మాష్టారూ, నేను చేసింది తప్పా?” అని అడిగాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా, “నీ చేతే తప్పురా” అన్నాను. తరగతి నవ్వింది. వాడు ఆ నమూనాను మళ్లీ బడికి తేలేదు.

చాలా సంవత్సరాల తరువాత ఒక గ్రంథాలయంలో, వెదకనిది దొరికినట్టు, ఒక ఆంగ్ల వ్యాసం నకలు నా కంటపడింది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన అయిదుగురు ఆచార్యులు, ముకుంద ప్రభృతులు, వైమానిక శాస్త్రాన్ని పరిశీలించి 1974లో ప్రకటించిన వ్యాసమది. అంటే నేను తరగతిలో ఆ గంట ప్రసంగించేనాటికే అది అచ్చయి పన్నెండేళ్లు! వారు తేల్చిన విషయాలు ఇవి: ఈ గ్రంథాన్ని ఆనేకల్ వాస్తవ్యులు పండిత సుబ్బరాయశాస్త్రి గారు ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాలలో నోటితో చెప్పగా, వెంకటాచలశర్మ గారు రాసుకున్నారు. పటాలు ఎల్లప్ప అనే ఆయన శాస్త్రి గారి సూచనల ప్రకారం 1923లో గీసినవి. ఆయన బెంగుళూరు ఇంజనీరింగు కళాశాలలో చిత్రలేఖకుడు. ఆ పటాలలోని విమానాలలో ఏ ఒక్కటీ ఎగిరే లక్షణం గలది కాదు.

లెక్కలు నాకు రావు, సరే. కానీ ఆ ఆచార్యులు భాష గురించి కూడా చెప్పారు. శ్లోకాలు అనుష్టుప్పులో ఉన్నాయి, సంస్కృతం ఆధునికమూ సరళమూ అయినది, వైదికభాష కాదు అని. ఇంజనీర్లకు తట్టిన ఆ విషయం సంస్కృతం చదివి పట్టా పుచ్చుకున్న నాకు తట్టలేదు! ఆర్ష ప్రయోగాలెక్కడున్నాయని ఒక్కసారైనా వెదకలేదు. ఇష్టమైన మాటను పరీక్షించడానికి ఎవరికీ మనసొప్పదు గదా. శాస్త్రి గారిని నేను నిందించను. ఆయన తమకు తోచినది చెప్పారు. దాన్ని బల్లమీద వేసి పిల్లలకు చెప్పినది నేను. ఆ కుర్రవాడు ఇప్పుడు యాభై దాటినవాడై ఉండాలి. వాడి చేతిలో ఏ తప్పూ లేదు. బొమ్మే తప్పు.

అది చదివాక నాకు విమానాల చరిత్ర మీద ఆసక్తి కలిగింది. ముఖ్యంగా ఇంటి దగ్గర, తమ చేతులతో, తక్కువ ఖర్చుతో విమానం కట్టుకున్నవారి చరిత్ర మీద. ఆ కుర్రవాడి జాతివారన్నమాట. చదివినకొద్దీ ఒక విషయం స్పష్టమైంది. మన భోజరాజు పేరిట ఉన్న సమరాంగణ సూత్రధారం పదకొండవ శతాబ్ది గ్రంథం. అందులో యంత్రాల ప్రకరణంలో కొయ్యతో చేసిన పెద్ద పక్షి, దానిలో పాదరసం, కింద నిప్పు వర్ణించి ఉన్నాయి. అయితే నిర్మాణ వివరాలు పూర్తిగా చెప్పకపోవడం తెలియక కాదనీ, గోప్యత కోసమేననీ గ్రంథకర్త అంటాడు. విద్యను దాచడం ఆనాటి మర్యాద కావచ్చు. కానీ దాచిన విమానాన్ని మరొకడు కట్టలేడు, కట్టనిదే తప్పు బయటపడదు, తప్పు బయటపడనిదే దిద్దుబాటు లేదు. మన కావ్యాలలో అన్నిటికంటె చవకైన ఆకాశయానం ప్రవరుడిది. సిద్ధుడిచ్చిన పాదలేపం తప్ప ఖర్చే లేదు. అదీ మంచులో కరిగిపోయి, తిరుగు ప్రయాణానికి లేకుండాపోయింది. ఆ లేపనం ఎలా నూరాలో సిద్ధుడు చెప్పి ఉంటే మనుచరిత్రే లేదు!

విదేశాలలో ఇందుకు విరుద్ధంగా జరిగింది. పారిస్‌లో ఉండిన బ్రెజిల్ దేశీయుడు శాంటోస్ డ్యూమాంట్ వెదురుబొంగులూ గుడ్డా ప్రధానంగా డెమాయిజెల్ అనే చిన్న విమానం చేశాడు. ఆ పేరుకు ఫ్రెంచిలో కన్నెపిల్ల అనీ, తూనీగ అనీ అర్థాలట. దానికి పేటెంటు పుచ్చుకోలేదు. దాని పటాలు 1910లో అమెరికాలోని పాపులర్ మెకానిక్స్ పత్రికలో అచ్చయ్యాయి. చేతనైనవాడెవడైనా కట్టుకోవచ్చు. అమెరికాలోనే మిన్నెసోటా రాష్ట్రపు పల్లెలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ అనే సొంతంగా నేర్చుకున్న మెకానిక్కు, ఫోర్డు కారు ఇంజనును విమానానికి బిగించి 1929 నాటికి ఎగిరాడు. 1932లో అతని పటాలు అచ్చయ్యాయి. ఆ పటాలు చూసి విమానాలు కట్టుకునేవారు నేటికీ ఉన్నారు.

అన్నిటికంటె నన్ను ఆకట్టుకున్నది ఫ్రాన్సు దేశీయుడు ఆన్రీ మిన్యే కథ. ఆయన విమానం పేరు పూ-ద్యు-సియెల్, అంటే ఆకాశపు పేను. పేను అని పేరు పెట్టుకోవడానికి గుండె ధైర్యం కావాలి. మనమైతే ఏ గరుడుడో అనేవాళ్లం. 1933లో ఎగిరిన ఆ విమానం పటాలతో సహా కట్టే విధానమంతా 1934లో పుస్తకంగా వేశాడు. చెక్కపెట్టెకు మేకులు కొట్టగలవాడు విమానం కట్టగలడని ఆయన వాదం. ఐరోపా అంతటా పెరళ్లలో, కొట్టాలలో జనం కట్టడం మొదలుపెట్టారు. అంతలో ప్రమాదాలు జరిగాయి. ముక్కు కిందికి వంచి వేగంగా దిగేటప్పుడు విమానం మళ్లీ పైకి లేవక నేలను తాకేది. మనుషులు పోయారు. ఫ్రాన్సులోనూ, ఇంగ్లండులోనూ పెద్ద గాలిసొరంగాలలో అసలు విమానాన్నే నిలిపి పరీక్షించారు. ముందు రెక్కకూ వెనుక రెక్కకూ మధ్య గాలి నడకలో దోషమున్నట్టు తేలింది. 1936లో నిషేధాలు వచ్చాయి. మిన్యే దాక్కోలేదు. దోషాన్ని ఒప్పుకుని దిద్ది కొత్త నమూనాలు చేశాడు.

ఆకాశపు పేను ఎగిరింది, చంపింది, దొరికిపోయింది, దిద్దుబడింది. రుక్మ విమానం ఎవరినీ చంపలేదు, ఎందుకంటే అది ఎప్పుడూ నేల విడవలేదు. ఈ రెంటిలో ఏది శాస్త్రమో నేను 1986లో పిల్లలకు చెప్పి ఉండవలసింది.

మనదేశంలో చేతివిద్య లేదా అంటే, ఉంది. బడాయి అవసరం లేనంత ఉంది. ఆంధ్రదేశం మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్నప్పుడు, 1910లో, మౌంటురోడ్డులో హొటేలు నడుపుతుండిన డి ఏంజెలిస్ అనే ఐరోపా దేశీయుడు తానే రూపకల్పన చేసి ఒక విమానాన్ని సింప్సన్ కంపెనీ చేత కట్టించాడు. అది గుర్రపుబళ్ల కంపెనీ. పల్లావరంలో ఎగిరి చూసి, ఆ పైన మద్రాసు ప్రజల ఎదుట ఎగిరాడు. రైటు సోదరులు తొలిసారి ఎగిరి అప్పటికి ఏడేళ్లయినా నిండలేదు. రూపకర్త పరదేశి కావచ్చు, కానీ బళ్లు చేసే మన మద్రాసు వడ్రంగుల చేతులు ఆ విమానం మీద పడ్డాయి. 1895లో బొంబాయి చౌపాటీ తీరాన తల్పడే గారు విమానం ఎగరేశారని సభలలో చెబుతుంటారు. దానికి సమకాలికమైన నమ్మదగిన ఆధారమేదీ బయటపడలేదు. మద్రాసు విమానం సంగతి ఆనాటి పత్రికలలోనే ఉంది. దాన్ని చెప్పేవారు మాత్రం తక్కువ.

స్వాతంత్ర్యం వచ్చాక ఢిల్లీలో పౌరవిమాన శాఖ సాంకేతిక కేంద్రంలో చవకైన గ్లైడర్లు తయారయ్యాయి. ఇంజను లేని విమానాలవి. వాటి పేర్లు చూడండి: అశ్విని, భరణి, రోహిణి, కార్తిక్, మృగశిర, ఆర్ద్ర. (నక్షత్రం పేరు కృత్తిక. కార్తిక్ అని ఎందుకు మార్చారో నాకు బోధపడలేదు. వ్యాకరణం చదివినవారిని అడిగి ఉండవలసింది.) అశ్విని 1958లో, రోహిణి 1961లో గాలిలోకి లేచాయి. కర్రతో చేసిన రోహిణులు నూరుకు పైగా తయారై దేశమంతా గ్లైడింగ్ నేర్పాయి. రామామృతం, గణేశన్ వంటి రూపకర్తల పేర్లు ఈనాడు ఎవరికీ తెలియవు. 1967లో ఆ కేంద్రమే ఇంజను గల చిన్న విమానం చేసి రేవతి అని పేరు పెట్టింది. ఇరవై ఏడింటిలో చివరి నక్షత్రం పేరు. పేరు పెట్టిన వేళ ఎటువంటిదో గాని, అది పెద్దసంఖ్యలో తయారు కాలేదు.

పటాలు కొని చేతితో కట్టడమనే అసలు గృహనిర్మాణ పద్ధతి మన ప్రభుత్వ ప్రయోగశాలలోకి కూడా ఒకసారి వచ్చిందని చెబితే పాఠకులు ఆశ్చర్యపోవచ్చు. అమెరికాలో బర్ట్ రూటాన్ అనే ఆయన నురుగుదిమ్మలను చెక్కి, వాటిమీద గాజునార గుడ్డను రెసిన్‌తో అంటించి విమానం చేసే పద్ధతి కనిపెట్టాడు. అచ్చులు అక్కర్లేదు. సుమారు పదేళ్లపాటు ఆ పటాలను సామాన్యులకు అమ్మాడు. తోక ఉండవలసిన చోట కాక ముందువైపు చిన్నరెక్క గల లాంగ్-ఈజీ విమానం వాటిలో ఒకటి. బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాలవారు ఆ నమూనాతో ఒక విమానం కట్టి 1987 ఫిబ్రవరిలో ఎగరేశారు. అప్పుడు ఆ సంస్థ సంచాలకులు రొద్దం నరసింహ గారు. రొద్దం అనేది అనంతపురం సీమలో ఊరు. ఆయనకు ముందు చాలాకాలం సంచాలకులుగా ఉన్న వల్లూరి గారి ఇంటిపేరు కూడా మన ఊరి పేరే. ఆ గాజునార విద్యే తరువాత హంస అనే రెండు కుర్చీల శిక్షణ విమానానికి దారితీసింది. హంస 1993లో మొదటిసారి ఎగిరింది. దాని కొత్తరూపం 2021లో ఎగిరింది. చూడండి, ప్రభుత్వ శాస్త్రజ్ఞులు కూడా ఒక ఇంటి పెరటి పటం నుంచి నేర్చుకోవడానికి సిగ్గుపడలేదు.

ఇక ఒంటరిగా ప్రయత్నించినవారు. కేరళలో ఇడుక్కి జిల్లాకు చెందిన సజి థామస్ వినలేరు, మాట్లాడలేరు, చదువు ఏడవ తరగతితో ఆగింది. ఆయన కట్టిన తేలికపాటి విమానం 2014లో ఎగిరింది. ముంబయిలో అమోల్ యాదవ్ అనే పైలట్టు తమ భవనం డాబా మీద ఆరుగురు కూర్చునే విమానం కట్టారు. విమానం పూర్తికావడం ఒక ఎత్తు, కాగితం పూర్తికావడం ఇంకొక ఎత్తు. ఏళ్ల తరబడి తిరగగా 2017లో దానికి రిజిస్ట్రేషను దొరికింది, 2019లో ఎగరడానికి అనుమతి లభించింది. తనిఖీ వద్దని నేననను. మిన్యే కథ చదివినవాడెవడూ అనడు. జనం తలల మీద ఎగిరేదానికి పరీక్ష ఉండవలసిందే. కానీ అమెరికాలో విమానంలో సగానికి పైగా పని స్వయంగా చేసినవాడికి ఒక దారి స్పష్టంగా రాసి పెట్టారు. 1953లో పోబెరెజ్నీ అనే ఆయన మిల్వాకీలో పెట్టిన సంఘం అటువంటివారికి పని నేర్పుతుంది, ఒకరి తప్పు ఇంకొకరికి చెబుతుంది. ఇక్కడ కట్టేవాడు డాబా మీద ఒంటరి.

బేగంపేటలో 2008 మార్చితో ప్రయాణికుల విమానాలు ఆగిపోయి శంషాబాదుకు తరలిపోయాయి. 2024 జనవరిలో అక్కడ జరిగిన విమాన ప్రదర్శనకు మనవడితో కలిసి వెళ్లాను. ఎయిరిండియా వారు కొత్తగా తెచ్చిన ఎయిర్‌బస్ ఎ350 ముందు జనం ఫోటోలు దిగుతున్నారు. మనవడూ దిగాడు. నేను హ్యాంగర్ల వైపు చూస్తూ, మగ్గిన అరటిపండు వాసన ఏమైనా వస్తుందేమోనని, ఆ వయసులో చేయకూడని పని, గాలి పీల్చి చూశాను. పెట్రోలు వాసన తప్ప మరేమీ లేదు.

పాఠకులలో 1960, 70 దశకాలలో బేగంపేటలో పుష్పక్ మీద శిక్షణ పొందినవారుగాని, వాటికి గుడ్డపని, వడ్రంగం చేసినవారి కుటుంబాలవారుగాని ఉంటే, పాత ఛాయాచిత్రాలు, పనిముట్లు, చేతిరాత పుస్తకాలు ఏవైనా దాచి ఉంచారేమో దయచేసి తెలుపగోరుతాను. ముఖ్యంగా ఆ దారపు ముడి ఎలా వేసేవారో తెలిసినవారు ఒక పటం గీసి పంపితే కృతజ్ఞుణ్ణి. చాచా నాకు రెండుసార్లు చూపించారు. నేను శ్రద్ధగా చూడలేదు.